చెన్నై తీరంలో యుద్ధనౌకల ఫొటోలకు 150-600 లెన్స్: కొన్నేళ్లు వాడాక

చెన్నై దగ్గర సముద్రంలో వెళ్లే యుద్ధనౌకల్ని ఫొటో తియ్యడానికి 150-600 ఎంఎం జూమ్ లెన్స్ కొనొచ్చా అని ఎవరడిగినా కొనమనే చెప్తాను. కాకపోతే అది 600 దగ్గర ఇచ్చే ఫొటోల కోసం కాదు, 300 నుంచి 450 మధ్య ఇచ్చే ఫొటోల కోసం కొనమంటాను. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాకి ఈ లెన్స్ తగిలించుకుని కొన్నేళ్లుగా మెరీనా నుంచి తిరువొత్తియూరు దాకా తిరుగుతున్నాను. లెన్స్ ఏ దూరం దాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో బాగానే తెలిసింది. ఈ రకం లెన్సులు రెండు మూడు కంపెనీలు చేస్తున్నాయి. చాలావాటి బరువు రెండు కిలోలకు అటూ ఇటూ, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5 నుంచి 6.3, ముందు 95 ఎంఎం ఫిల్టర్. కొత్తది లక్షకు అటూ ఇటూ పడుతుంది. ఓడల వరకు వాటి మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి కంపెనీల పోలిక పెట్టను. ఈ రకం లెన్స్‌తో ఈ ఊళ్లో ఏం జరుగుతుందో అదే చెప్తాను.

నేను పుట్టి పెరిగింది విశాఖలో. అక్కడ తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉంది. డాల్ఫిన్ నోస్ పక్కనున్న సన్నటి కాలువలోంచే ఓడలు లోపలికీ బయటికీ వెళ్లాలి. మామూలు 200 ఎంఎం లెన్స్‌లో కూడా ఓడ నిండుగా కనిపిస్తుంది. చెన్నై అలా కాదు. ఇక్కడి హార్బరు సముద్రంలోకి రాతిగోడలు కట్టి తయారుచేసింది. బయటపడిన ఓడ ఒడ్డు పట్టుకుని రాదు, నేరుగా లోతు నీళ్లలోకి పోతుంది. పైగా ఇక్కడ పెద్ద యుద్ధనౌకలు చాలావరకు కాపురం ఉండవు. విశాఖ నుంచో, వేరే దేశాల నుంచో వచ్చి కొన్ని రోజులుండి వెళ్తాయి. తరచుగా కనిపించేవి కోస్ట్ గార్డ్ ఓడలే. వాళ్ల తూర్పు ప్రాంత ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఉత్తరాన ఎల్ అండ్ టీ కంపెనీ కాట్టుపల్లి షిప్‌యార్డ్ కూడా ఉంది. కోస్ట్ గార్డ్ విక్రమ్ తరగతి ఓడలు ఏడూ ఎల్ అండ్ టీ వాళ్లు కట్టినవే. జలాంతర్గాముల వేటకు కట్టిన ఐఎన్ఎస్ అర్నాలా 2022 డిసెంబరులో ఇక్కడే నీళ్లలోకి దిగి, 2025 జూన్ 18న విశాఖలో నేవీలో చేరింది. అదే 2022 ఆగస్టులో అమెరికా నేవీ సరుకు ఓడ చార్లెస్ డ్రూ మరమ్మతు కోసం కాట్టుపల్లికి వచ్చింది. అమెరికా నేవీ ఓడ మన దేశంలో మరమ్మతు చేయించుకోవడం అదే మొదటిసారి. కాబట్టి చూడటానికి ఓడలు లేవని కాదు, దూరంగా ఉంటాయి, అంతే.

ఆ దూరం ఎంతో ముందే లెక్క వేసుకోవాలి. క్రాప్ సెన్సర్ మీద 600 దగ్గర, నాలుగు కిలోమీటర్ల అవతల ఫ్రేములో పట్టే వెడల్పు సుమారు 157 మీటర్లు. కోల్‌కతా తరగతి డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌక) పొడవు 163 మీటర్లు. ఐఎన్ఎస్ చెన్నై ఆ తరగతిదే, పక్కన డి65 అని రాసి ఉంటుంది. అంటే అది నాలుగు కిలోమీటర్లకు కాస్త అవతల అడ్డంగా వెళ్తుంటే ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకి నిండుతుంది. ఎనిమిది కిలోమీటర్ల దగ్గర సగం ఫ్రేము. అర్నాలా పొడవు 77 మీటర్ల పైచిలుకు కాబట్టి నాలుగు కిలోమీటర్లకే సగం అవుతుంది. కాగితం మీద ఇది బాగానే ఉంది. లెన్స్ కొన్న కొత్తలో అందరూ ఈ లెక్క చూసే మురిసిపోతారు.

చెన్నై గాలికి ఈ లెక్కతో పని లేదు. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: ఇక్కడ ఫొటోని పాడుచేసేది లెన్స్ కాదు, మధ్యలో ఉన్న గాలి. ఎండకు కాగిన ఇసుక మీద నుంచి వేడి గాలి అలలు అలలుగా లేస్తుంది. కంటికి అంతగా తెలియదు. 600 దగ్గర కెమెరా తెర మీది బొమ్మని (లైవ్ వ్యూ) పెద్దది చేసి చూస్తే ఓడ మాస్టు (పైనున్న స్తంభం) పాములా మెలికలు తిరుగుతుంటుంది. ఓడ అడుగు భాగం నీళ్లను వదిలి పైకి తేలినట్టు కూడా కనిపిస్తుంది. ఎంత షటర్ స్పీడ్ పెట్టినా, ఎంత ఖరీదైన లెన్స్ తగిలించినా ఆ మెలికలు ఫొటోలోకి వచ్చేస్తాయి. మొదట్లో 600 కోసం కొనొద్దన్నది ఇందుకే. లెన్స్ మెత్తగా ఉంది, సర్వీసుకి ఇవ్వాలి అని చాలామంది అనుకునేది దీన్ని చూసే. అదే లెన్స్‌తో వాన వెలిసిన సాయంత్రం అదే దూరంలో ఓడని తీస్తే మాస్టు మీద రాడార్ కడ్డీలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. గాలి మరగడం ఓడ దగ్గర కన్నా కెమెరా దగ్గర జరిగితే నష్టం చాలా ఎక్కువ. మెరీనా ఇసుక చాలా వెడల్పు. రోడ్డు వైపు నిలబడి తీస్తే చూపు మొత్తం ఆ కాగిన ఇసుక మీదుగానే పోతుంది. నీటి అంచు దాకా నడిచి వెళ్తే సగం సమస్య తీరిపోతుంది. అందుకే నాకు మెరీనా కన్నా ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఇష్టం. కాశిమేడు దాటాక తిరువొత్తియూరు దాకా సముద్రం కోతకి అడ్డంగా వేసిన బండరాళ్లు ఉంటాయి, ముందు ఇసుక లేదు, లెన్స్ ముందు నుంచే నీళ్లు మొదలవుతాయి. చూపులకి ఆ చోటు ఏమంత అందంగా ఉండదు, లారీల దుమ్ము కూడా. కానీ నా మంచి ఫొటోలు చాలావరకు అక్కడివే.

ఎత్తు నుంచి తియ్యాలనుకుంటే మెరీనా లైట్‌హౌస్ ఉంది. 2013లో సందర్శకులకి మళ్లీ తెరిచారు, సోమవారం సెలవు. నీటి అంచున నిలబడిన మనిషికి దిగంతం ఐదు కిలోమీటర్ల లోపే, సుమారు 4.7. అంతకన్నా దూరంగా ఉన్న ఓడ కింది భాగం నీటి వంపు వెనక దాక్కుంటుంది. నలభై మీటర్ల ఎత్తుకి ఎక్కితే దిగంతం 22 కిలోమీటర్లు దాటుతుంది. కానీ పైన జాగా తక్కువ, జనం ఎక్కువ, ట్రైపాడ్ పెట్టే చోటు కాదు. ఓడని చూడటానికి వెళ్లండి, ఫొటో కోసమని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇక వెలుతురు. తూర్పు తీరం కాబట్టి పొద్దున సూర్యుడు ఓడ వెనక ఉంటాడు. నల్లటి నీడ బొమ్మ కావాలంటే బాగుంటుంది, ఓడ పక్కన రాసిన నంబరు కావాలంటే మాత్రం పనికిరాదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మన వీపు మీదకు వస్తాడు, ఓడ పక్కభాగం మొత్తం వెలుగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు ఒక విడత పడి వెలిశాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడున్నరకీ ఐదున్నరకీ మధ్య దొరికే రెండు గంటలే ఈ లెన్స్‌కి అసలైన పండగ. మే, జూన్ నెలల్లో లెన్స్ బీరువాలోనే ఉంటుంది, నాకు దిగులు కూడా లేదు.

ఆటోఫోకస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు ఈ లెన్సుల ఫోకస్‌ని మెచ్చుకుంటారు, వాళ్ల మాట నిజమే. కానీ నేవీ బూడిద రంగు ఉన్నదే కంటికి ఆనకుండా ఉండటానికి. పొగమంచులాంటి గాలిలో బూడిద రంగు ఓడ, వెనక బూడిద రంగు ఆకాశం. లెన్స్ పట్టుకోవడానికి అంచు దొరకదు, ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండిపోతుంది. తెల్లటి ఒంటి మీద నారింజ, నీలం ఏటవాలు పట్టీలున్న కోస్ట్ గార్డ్ ఓడని మాత్రం చిటికెలో పట్టేస్తుంది. బూడిద ఓడలకి నేను చేసేది ఇది: ఫోకస్ వెతికే పరిధిని తగ్గించే లిమిటర్ మీటను దూరానికి పెట్టి, మధ్యలో ఉన్న ఒకే పాయింటుని ఓడ ముందు చీలే తెల్లటి నురగ మీద గానీ, ఓడ నడిపే గది (బ్రిడ్జి) అద్దాల వరస మీద గానీ పెడతాను. అప్పటికీ కుదరకపోతే లైవ్ వ్యూ పెద్దది చేసి చేత్తో తిప్పుతాను. రింగు చివరిదాకా తిప్పేస్తే సరిపోతుందనుకోకండి. ఈ లెన్సులు చాలా దూరానికి ఫోకస్ అయ్యే చోటుని (అనంతాన్ని) దాటి కూడా కాస్త తిరుగుతాయి, అక్కడ ఆపితే అంతా మసకే. అపర్చర్ ఎఫ్ 8 పెడితే 500 పైన స్పష్టత బాగా మెరుగవుతుంది. షటర్ స్పీడ్ 1/1000 సెకను కన్నా తగ్గనివ్వను.

ప్రాక్టీసు కోసం యుద్ధనౌక దాకా ఆగక్కర్లేదు. బయట లంగరు వేసుకున్న సరుకు ఓడలు, కార్లు ఎగుమతి చేసే భారీ ఓడలు, అండమాన్ వెళ్లే ప్రయాణికుల ఓడ, ఇవన్నీ ఒడ్డు నుంచి కనిపిస్తూనే ఉంటాయి. వాటి పేర్లు, వెళ్లే దారులు ఫోన్‌లో ఓడల యాప్‌లలో తెలుస్తాయి. అంతర్జాతీయంగా తిరిగే 300 టన్నుల పైబడిన ఓడలు తామెవరో, ఎక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ సిగ్నల్ ఇవ్వాలి. యుద్ధనౌకలకి ఆ నిబంధన లేదు, చాలాసార్లు యాప్‌లో జాడే ఉండదు. అక్కడ పనికొచ్చేది కళ్లూ, మనుషులూ. కాశిమేడు దగ్గర టీకొట్టు నడిపే నెల్లూరు పెద్దాయన ఒకరున్నారు. నన్ను చూస్తే చాలు, "టగ్గులు రెండు బయటికి పోతా ఉండాయి, పెద్దదేదో వస్తాది, టీ తాగేసి రాయెక్కు నాయనా" అంటారు. ఆయన మాట నాకు తెలిసి ఏ యాప్ కన్నా నమ్మకం. పైలట్ బోటు, పెద్ద ఓడల్ని లాగే టగ్గులు కదిలాయంటే హార్బరు నోటి దగ్గర పని మొదలైనట్టే.

ఈ సరదాలో ఎక్కడ ఆగాలో కూడా చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. హార్బరు లోపల, నేవీ, కోస్ట్ గార్డ్ స్థావరాల దగ్గర కెమెరా ఎత్తకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో నిషిద్ధ ప్రదేశం అన్న మాట కిందికి రక్షణ స్థావరాలే కాదు, ప్రభుత్వ ఓడలు కూడా వస్తాయి. నేను తీసేది అందరూ తిరిగే బీచ్ నుంచి, బయట సముద్రంలో అందరి కళ్లకీ కనిపించే ఓడని మాత్రమే. పోలీసులు అడిగితే కెమెరా చేతికిచ్చి అన్నీ చూపిస్తాను, వద్దంటే మూటకట్టుకుని వచ్చేస్తాను. ఓడ ఇంకా దారిలో ఉండగా ఫొటో ఎక్కడా పెట్టను, ఏ రోజు, ఏ వైపు వెళ్లిందో రాయను. లోపల మన పిల్లలు ఉన్నారు. అందరికంటే నిశ్చింతగా తియ్యగలిగేది వాళ్లే చూడమని పిలిచినప్పుడు: నేవీ డే రోజుల్లో, కోస్ట్ గార్డ్ విన్యాసాలప్పుడు, ఓడ పోర్టుకొచ్చి జనాన్ని లోపలికి అనుమతించినప్పుడు. అప్పుడు కూడా ఏది తియ్యొచ్చో అక్కడున్న సిబ్బందిని అడిగి తీస్తాను. నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిగినప్పుడు వీలైతే ఆర్కే బీచ్‌కి వెళ్తాను. నేవీ డే అంటే డిసెంబరు 4, 1971లో కరాచీ మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడికి గుర్తుగా జరిగే రోజు. అక్కడ ఓడలు ఒడ్డుకి ఎంత దగ్గరగా వస్తాయంటే 150 కూడా ఎక్కువైపోతుంది.

సముద్రం గాలి ఈ లెన్స్‌ని తినేస్తుంది, ఆ సంగతి కొన్నాళ్లు వాడితే గానీ తెలియదు. ఉప్పు తుంపర ఎండాక పొడి గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, కొంచెం తడి చేసిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలనీ జూమ్ గొట్టాన్నీ తుడుస్తాను. బీచ్‌లో జూమ్‌ని ఇష్టం వచ్చినట్టు ముందుకీ వెనక్కీ లాగితే తేమ, సన్నటి ఇసుక లోపలికి పోతాయి. నా లెన్స్‌లో జూమ్ రింగు మొదటికన్నా బిగుసుకుంది, రబ్బరు పట్టీ వదులైంది. లోపలి అద్దం అంచున ఫంగస్ మొదలైతే ఒకసారి విప్పించి శుభ్రం చేయించాను. ఆ తర్వాత డ్రై క్యాబినెట్ కొన్నాను, తేమ 45 శాతం దగ్గర పెట్టాను, మళ్లీ రాలేదు. చెన్నైలో లెన్స్ బడ్జెట్‌లో డ్రై క్యాబినెట్ ఖర్చు కూడా కలిపే లెక్క వేసుకోవాలి.

బరువు గురించి భయపెడతారు గానీ అదంత సమస్య కాదు. సముద్రం గాలికి ట్రైపాడ్ ఊగుతుంది. బండరాయి మీద బియ్యం పోసిన సంచీ పెట్టి లెన్స్ ఆనిస్తే అంతకన్నా కదలకుండా ఉంటుంది. ముందు అద్దానికి చవక యూవీ ఫిల్టర్ పెడితే 600 దగ్గర స్పష్టత పోతుంది. హుడ్ చాలు.

ఇంత డబ్బు పెట్టలేనివాళ్లకి లెన్స్ మార్చే పని లేని, పెద్ద జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా మంచిదే. సెన్సర్ చిన్నది కాబట్టి సాయంత్రం వెలుతురు తగ్గగానే నాణ్యత పడిపోతుంది, కానీ ఓడ నంబరు చదవడానికి, డి అంటే డిస్ట్రాయర్, ఎఫ్ అంటే ఫ్రిగేట్, పి అంటే కార్వెట్ అనే చిన్న యుద్ధనౌకో, గస్తీ ఓడో అని గుర్తుపట్టడానికి సరిపోతుంది. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి జూమ్ పెంచే 1.4 టెలికన్వర్టర్ మాత్రం కొనకండి. అపర్చర్ ఎఫ్ 9కి పడిపోతుంది, ఫోకస్ ఇంకా తడబడుతుంది, ఆ మెలికల గాలిని మరింత పెద్దదిగా చూపిస్తుంది. కొనేముందు డిసెంబరులో ఒక వారాంతం అద్దెకి తెచ్చుకుని చూడండి. సెకండ్ హ్యాండ్‌లో అయితే లెన్స్‌ని కిందికి వంచి జూమ్ దానంతటదే జారుతోందా, వెనక నుంచి టార్చి వేస్తే అద్దాల అంచుల్లో బూజు గీతలు కనిపిస్తున్నాయా, ట్రైపాడ్ కాలర్ మరలు తుప్పు పట్టాయా అన్నది చూసుకోండి. మరలు తుప్పు పట్టి ఉంటే అది సముద్రం దగ్గర తిరిగిన లెన్సే, రేటు గట్టిగా తగ్గించమనండి.