నలభైకి దగ్గరలో సరస్వతీ వీణ: ఏళ్ళ వాడకం తర్వాత ఒక సమీక్ష

నలభైకి దగ్గర పడ్డాక వీణ నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నేర్చుకోవచ్చు. మధ్యలో సాధన ఆగిపోతే దానికి వయసు కారణం కావడం నేను తక్కువగా చూశాను. మేళం (మైనం మీద మెట్ల అమరిక) చెడిపోవడం వల్లో, మోకాళ్ళు మొరాయించడం వల్లో ఆగిపోవడమే ఎక్కువ. హైదరాబాద్ ఎండల్లో, అపార్ట్‌మెంటు గదిలో, ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ళ తరబడి వాయిస్తున్న పనస వీణను బట్టి రాస్తున్న సమీక్ష ఇది. కచేరీలు చేయాలనుకునేవారి కోసం రాయడం లేదు. ఒక వర్ణం రెండు కాలాల్లో (వేగాల్లో) తొట్రుపడకుండా రావాలి, నాలుగు కీర్తనలు గమకాలతో (స్వరాన్ని లాగి, ఊపి పలికించడంతో) పలకాలి, అందుకు రోజూ కొంత సమయం నిజంగా ఇవ్వగలం అనుకునేవారికి ఇది పనికొస్తుంది.

ముందు వాయిద్యం సంగతి. సరస్వతీ వీణకు ఏడు తీగలు, 24 మెట్లు (తీగను నొక్కే లోహపు పట్టీలు). దండి (వీణ పొడవాటి మెడ) మీద వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. మొదటి రెండూ, తాళం తీగలు మూడూ ఉక్కువి. మంద్రం, అనుమంద్రం మందంగా ఉంటాయి. కుండ (నాదం పలికే గుండ్రటి బోలు భాగం), దండి, దాని కొసన ఉండే యాళి ముఖం అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వీణలకు పేరు తెచ్చింది ఈ పనితనమే. తంజావూరు నుంచి వచ్చే వాటిలో ముక్కలు అతికినవి కూడా చాలా ఉంటాయి. ఇంటి సాధనకు అతుకు వీణ ఏ మాత్రం తక్కువ కాదు. అతుకు గట్టిగా ఉందా, చెక్క బాగా ఆరిందా అన్నవే చూడాలి. కుండ మీది నగిషీకి పెట్టే డబ్బు నాదానికి ఏమీ చేయదు. ఆ డబ్బుతో మంచి మేళం కట్టించుకుంటే వేలికి సుఖం, చెవికి సుఖం.

కొనేటప్పుడు షాపులో కనీసం అరగంట కూర్చోవాలి. మొదట యాళి వైపు నుంచి ఒక కన్ను మూసి దండి పొడవునా చూడండి. మెట్లన్నీ ఒకే వాలులో కనబడాలి. ఒకటి పైకి లేచి, పక్కది కిందికి దిగి ఉంటే నొక్కిన మెట్టు పలకకుండా ముందున్న మెట్టుకు తీగ తగిలి గరగరమంటుంది. తర్వాత సారణి మీద ఒక్కో మెట్టూ మీటి వినండి. 5వ మెట్టు మీద శుద్ధ మధ్యమం, 7వ మెట్టు మీద పంచమం, 12వ మెట్టు మీద తారస్థాయి షడ్జమం సరిగ్గా రావాలి. 12వ మెట్టుకు నేరుగా పైన తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే సన్నటి స్వరం, అదే మెట్టు నొక్కితే వచ్చే స్వరం ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే మెట్టు జరిగిందనో గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) జరిగిందనో అర్థం. ఇవన్నీ సారణి మీద చూసి ఊరుకోకూడదు. లోపాలు ఎక్కువగా దాక్కునేది అనుమంద్రం మీదే.

ఇక అసలు కష్టం మైనం దగ్గర ఉంది. వీణ మెట్లు చెక్కలో దిగి ఉండవు. తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కలిపిన నల్లటి మైనపు గట్ల మీద కూర్చుని ఉంటాయి. స్వరస్థానాలను వెంట్రుకవాసి తేడాతో సరిదిద్దుకునే వీలు అలా వచ్చింది. ఇబ్బంది కూడా అక్కడినుంచే. తేనెమైనం పూర్తిగా కరగాలంటే 62 డిగ్రీల పైన వేడి కావాలి గానీ, మెత్తబడటానికి అంత అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు పై అంతస్తు గదిలో, పడమటి గోడ పక్కన పెట్టిన వీణ మైనం గోరుతో నొక్కితే దిగుతుంది. ఆ స్థితిలో తీగను పక్కకు గట్టిగా లాగి గమకం వేస్తే మెట్టు సన్నగా వాలిపోతుంది. కంటికి కనబడదు, చెవికి మాత్రం నాలుగు రోజుల్లో తెలుస్తుంది: గాంధారం ఎప్పుడూ కాస్త కిందనే పలుకుతుంటుంది. తన చెవి బాగాలేదేమోనని కొత్త విద్యార్థి కుంగిపోతాడు. ముందు మెట్టును అనుమానించాలి.

అందుకని ఎండాకాలంలో సాధన పొద్దున్నే, ఎనిమిది లోపు. వీణను లోపలి గోడ పక్కన, నేలకు దగ్గరగా పడుకోబెట్టి నూలు గుడ్డ కప్పాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట మాత్రం వద్దు. పూటకోసారి చల్లబడి పూటకోసారి వేడెక్కితే చెక్క కదులుతుంది, శృతి నిలవదు. కారులో వీణ వదిలి పది నిమిషాల పనే కదా అని దిగడం అన్నిటికన్నా ప్రమాదం. ఎండలో నిలిపిన కారు లోపల వేడి ఏ స్థాయికి పోతుందో స్టీరింగు పట్టుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. మెట్టు ఒకటి కదిలిందని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి సర్దాలని చూడొద్దు. ఆ వేడి ఒక్క మెట్టు దగ్గర ఆగదు, అటూ ఇటూ ఉన్న మూడు నాలుగు మెట్లు కూడా దిగబడతాయి.

రోజూ గంట వాయించే వీణకు ఏడాదికో రెండేళ్ళకో మేళం మళ్ళీ కట్టించాలి. ఎండలు తగ్గి, వానలు వెనకపట్టాక, అక్టోబరు, నవంబరులో కట్టించుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. నగరంలో ఈ పని చేసేవారు తక్కువమంది, ఎవరినైనా వీణ గురువుల ద్వారా పట్టుకోవాల్సిందే. పిలిచే ముందే శృతి ఎంతో, తీగల మందం ఎంతో ఖాయం చేసుకోండి. రెండున్నర శృతికి కట్టించి తర్వాత అంతకన్నా ఎత్తైన నాలుగు శృతికి బిగిస్తే తీగ బిగువు మారుతుంది, నొక్కినప్పుడు స్వరం పెరిగే తీరూ మారుతుంది, మేళం తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. అదే రోజు మెట్ల మీద తీగ కోసిన గాడులను అరగదీయించడం మరవొద్దు. సారణి కింద, ముఖ్యంగా మధ్యస్థాయి మెట్ల మీద ఈ గాడులు త్వరగా పడతాయి. గమకం లాగేటప్పుడు తీగ చటుక్కున పట్టినట్టు అనిపిస్తే అది గాడి పనే. గుర్రం మీది లోహపు పలక కూడా చూపించాలి. దాని పట్టు వదులైతే వీణ మొత్తం మూగబోయినట్టు ఉంటుంది, తీగలు ఎన్ని మార్చినా లాభం ఉండదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాధ వేరు. బిరడలు (తీగలు బిగించే చెక్క మేకులు) తేమకు ఉబ్బి బిగుసుకుంటాయి, అదే బిరడలు ఎండల్లో జారతాయి. జారే బిరడకు సుద్దపొడి, బిగిసిన బిరడకు పొడి సబ్బు కొద్దిగా. బిరడను తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి, లేకపోతే ఎంత సుద్ద రాసినా నిలవదు. చిన్న తేడాలకు బిరడల జోలికి పోకుండా కుండ వైపు తీగలు కట్టే నాగపాశం దగ్గరి రింగులు జరిపితే చాలు. వాయించడం అవగానే తీగలను పొడి నూలు గుడ్డతో కింద నుంచి కూడా తుడవాలి. చెమట తగిలిన ఉక్కు తీగ వానాకాలంలో వారానికే తుప్పు పడుతుంది. తుప్పు తీగ మీద గమకం వేస్తే వేలు కోసుకుంటుంది.

శృతి చేసుకోవడానికి ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకోవడంలో తప్పు లేదు, కానీ అది సారణి వరకే. మిగతావి చెవితో కలపడం అలవాటు చేసుకోవాలి. దానికి వీణలోనే సాధనం ఉంది. పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కితే ఖాళీ సారణితో కలవాలి. మంద్రం తీగ 7వ మెట్టు మీద ఖాళీ పంచమంతో, అనుమంద్రం 5వ మెట్టు మీద ఖాళీ మంద్రంతో కలవాలి. తంబుర యాప్ నడుస్తుండగా ఈ మూడు జోడీలు కలుపుకుంటే శృతీ సరిపడుతుంది, ఆ మెట్లు స్థానంలో ఉన్నాయో లేదో కూడా రోజూ తెలిసిపోతుంది. ఖాళీగా తీగలు శృతిలో ఉండి నొక్కితే కలవకపోతే మేళం మనిషికి ఫోన్ చేయాల్సిందే.

శరీరం విషయంలో ఈ వాయిద్యం మొహమాటపడదు. బాసిపట్టు వేసుకుని ఎడమ తొడ మీద యాళి వైపు ఉండే బుర్ర ఆనించి, కుండను కుడివైపు నేలకు ఆనించి నలభై నిమిషాలు కూర్చోవాలి. కుర్చీలో పదేళ్ళు ఉద్యోగం చేసిన నడుముకు ఇది తేలిక కాదు. రెండు మూడంగుళాల గట్టి దిండు తుంటి కింద పెట్టుకుంటే మోకాళ్ళు కిందికి వాలి, నడుము నిలబడుతుంది. మెత్తటి దిండు పనికిరాదు, దిగబడిపోయి మళ్ళీ నడుము వంచేస్తుంది. ఇరవై నిమిషాలకోసారి వీణ దించి లేచి నాలుగడుగులు వేయాలి. మెట్ల వైపు అదే పనిగా తొంగి చూస్తే మెడ పట్టేస్తుంది. 5, 7, 12 మెట్ల దగ్గర దండి పక్కన, వాయించేవారి వైపు చిన్న చుక్కలు పెట్టుకుంటే తొంగి చూడక్కర్లేదు. మోకాలి అరుగుదల ముందే ఉన్నవారు నేల పట్టుదల వదిలేసి వీణను స్టాండు మీద పెట్టి, కుర్చీలో కూర్చుని వాయించవచ్చు. నాదంలో పోయేది ఏమీ లేదు.

వేళ్ళ నొప్పి మొదటి నెలలది. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ళ కొసల మీద గీతలు పడి, తర్వాత కాయ కాస్తాయి. కొబ్బరినూనె ఒక్క చుక్క వేలికి రాసుకుంటే తీగ మీద జారుతుంది. ఎక్కువైతే మైనం, మెట్లు జిడ్డవుతాయి. వేలి కొస మంట పర్వాలేదు, మణికట్టు నుంచి మోచేతి దాకా పాకే నొప్పి వేరు. అది బొటనవేలితో దండిని అదిమి పట్టడం వల్ల వస్తుంది. బొటనవేలు దండి వెనక ఊరికే ఆనాలి. ఆ నొప్పి వస్తే రెండు రోజులు గమకాలు ఆపి, కుడిచేతి మీటు మాత్రమే సాధన చేయండి.

సాధనకు రోజుకు 40 నిమిషాలు, వారానికి ఆరు రోజులు సరిపోతుంది. ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా రోజులు మానేస్తే కాయ మెత్తబడుతుంది, చేయి మరచిపోతుంది. మొదటి 5 నిమిషాలు శృతికి. తర్వాత 15 నిమిషాలు మాయామాళవగౌళలో సరళి, జంట వరుసలు (స్వరాల తొలి అభ్యాసాలు). సారణి మీద ఆ రాగం మెట్లు 1, 4, 5, 7, 8, 11, 12. మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి మొదటి కాలం దెబ్బకొక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు. మూడో కాలంలో మీటు చెదిరితే వేగాన్ని 48కి దించండి. శుభ్రంగా వచ్చాక నాలుగేసి దెబ్బల చొప్పున పెంచండి. ఈ వయసువారు తడబడేది ఎడమచేతిలో అనుకుంటారు. చాలాసార్లు కుడిచేతి చూపుడు, మధ్య వేళ్ళు మార్చి మార్చి మీటకుండా ఒకే వేలితో నెట్టుకురావడం వల్ల మూడో కాలం విరిగిపోతుంది.

తాళం తీగలను మొదటి నెల నుంచే పట్టుకోవాలి. ఆదితాళంలో దెబ్బలు 1, 5, 7 అక్షరాల మీద పడతాయి. ఆ మూడు చోట్ల చిటికెనవేలు పైకి మీటాలి. తర్వాత చేరుద్దాం అని వాయిదా వేస్తే రెండేళ్ళ అలవాటును విప్పి మళ్ళీ కట్టాల్సి వస్తుంది.

చివరి 20 నిమిషాలు పాఠానికి, గమకానికి. గమకం సాధనలో ఒకే పద్ధతి నాకు స్థిరంగా పనిచేసింది: చేరాల్సిన స్వరాన్ని ముందు దాని మెట్టు మీద వినాలి, తర్వాత వెనక మెట్టు నుంచి తీగ లాగి దాన్ని అందుకోవాలి. 5వ మెట్టు మధ్యమం విని, 4వ మెట్టు గాంధారం నుంచి లాగి అదే మధ్యమం చేరాలి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే, చేరింది అనుకున్నది సగంలోనే ఆగిందని తెలుస్తుంది. ఈ ఒక్క అభ్యాసం వారం చేశాక శంకరాభరణం గాంధారం కూడా వేరుగా వినిపిస్తుంది. వైణికులు ఈమని శంకరశాస్త్రి (1922–1987), చిట్టిబాబు (1936–1996) రికార్డింగులు ఈ దశలో వినాలి, వేగం కోసం కాకుండా ఒక మెట్టు మీద ఎంతసేపు నిలబడి ఎన్ని స్వరాలు లాగారో గమనించడానికి.

పాఠం దగ్గరికొస్తే, రాంకోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్ళ దగ్గర చెప్పే గురువులు పాత బస్తీలనుంచి కొత్త కాలనీల దాకా ఉన్నారు. పెద్దవారికి విడిగా, నెమ్మదిగా చెప్పే గురువు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. వారానికి ఒకసారైనా ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి, ఎందుకంటే బొటనవేలి అదుముడు కెమెరాలో కనబడదు. ఆన్‌లైన్ తరగతి అయితే జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ తప్పకుండా ఆన్ చేయాలి. లేకపోతే వీణ నాదపు తోకను యాప్ చప్పుడనుకుని కోసేస్తుంది, గురువుకు మీటు మాత్రమే వినబడి గమకం వినబడదు. ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం ఆన్‌లైన్‌లో కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. కచేరీలు వినడానికి చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, రవీంద్రభారతి ఉన్నాయి. ముందు వరుసలో కూర్చుంటే చేతులు కనబడతాయి.

అపార్ట్‌మెంటులో వీణకు మించిన మంచి పొరుగు లేదు. తలుపు వేస్తే పక్కింటికి వినబడదు. అదే కారణంతో నలుగురి ముందు వాయించాలంటే మైకో, కుండ పలక మీద అంటించే పికప్పో కావాలి.

కొత్త వీణే కొనాలని ఏమీ లేదు. నగరంలో చాలా ఇళ్ళలో అమ్మదో అత్తదో వీణ అటక మీద గుడ్డ చుట్టి ఉంటుంది. ఆరిన పాత పనస చాలాసార్లు కొత్త వీణ కన్నా బాగా పలుకుతుంది. తీగలు, మైనం ఎలా ఉన్నా పర్వాలేదు, అవి ఎలాగూ మార్చేవే. కుండలో పగులు, చెక్కలో పురుగు తొలిచిన సన్న చిల్లులు, వాటి కింద పిండిలా రాలే పొడి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. సన్నటి పగులును వడ్రంగం తెలిసిన వీణ పనివారు అతకగలరు. దండి వంగితే మాత్రం, ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు. కొత్త మేళంతో మెట్ల ఎత్తు సర్ది ఆ వంపును కొన్నాళ్ళు కప్పిపుచ్చవచ్చు గానీ, పై స్థాయిలో తీగ ఎత్తుగా ఉండి ప్రతి గమకానికీ వేళ్ళను అలవగొడుతుంది.