చిన్న దయ్యం కథకు ఏది మేలు: మనిషా, అనుమానమా?

1990ల్లో బెంగళూరులో ఇళ్ల తలుపుల మీద 'నాళె బా' అని రాసేవారు. మన ఊళ్ల గోడల మీద అదే 'ఓ స్త్రీ రేపు రా'. దయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, ఆ రాత చదివి మర్నాటికి వాయిదా వేసుకుపోతుందని నమ్మకం. దీన్ని వెయ్యి మాటల కథ చేయాలంటే బరువు ఎటు పెట్టాలి? తలుపు లోపలి మనిషి మీదా, బయట ఉన్నదేమిటో తేల్చకపోవడం మీదా?

రెండోది సులువు. తెలుగు క్రియే సాయం చేస్తుంది: 'వచ్చింది' అంటే అమ్మైనా కావచ్చు, అదైనా కావచ్చు. కర్తను తీసేస్తే చాలు. (నాన్న గొంతు పెట్టారో, 'వచ్చాడు' దగ్గరే దొరికిపోతారు.) కానీ ఆ మసకను కథంతా పూసేస్తేనే చిక్కు. 'ఏదో నీడ', 'ఎవరో ఉన్నట్టు', 'ఎందుకో భయం' ఒకే పేరాలో పడితే, రాసినవాడికే ఏమీ తెలియదనిపిస్తుంది.

మనిషి వైపు మొగ్గితే పూర్వకథ మూడొందల మాటలు మింగేస్తుంది, తలుపు చప్పుడయ్యేసరికి పాఠకుడు చల్లారిపోతాడు. అయినా నా ఓటు మనిషికే. మూడొందల మాటల్లోపు కథైతే మాత్రం అనుమానమే గెలుస్తుంది, అక్కడ మనిషికి చోటుండదు.

మనిషికి ఒక్క అలవాటు చాలు. మారతహళ్లి అద్దె గదిలో అమ్మాయి, హిందూపురంలో అమ్మ. నాలుగు రోజులుగా అమ్మ ఫోన్ చేస్తే 'రేపు మాట్లాడతామ్మా' అని పెట్టేస్తోంది. రాత్రి రెండింటికి 'వాకిలి తియ్ పాపా' అని పిలుపు. బండి దిగి అమ్మే వచ్చిందనడానికి రెండు గుర్తులు: సంచి కింద పెట్టిన చప్పుడు, ఆ దగ్గు. కాదనడానికీ రెండే: గేటుకు తాళం ఉంది, మనిషి అలికిడికి వెలిగే మెట్ల లైటు వెలగలేదు. ఒక వైపు మూడోది చేరిస్తే తక్కెడ ఒరుగుతుంది. ఒక జత కొట్టేసి చదవండి; మిగిలిన జతతో కథ నిలబడకపోతే ఆ గుర్తులు మార్చాలి.

అమ్మాయి చేసే పని మాత్రం మసకగా ఉండకూడదు. ఆమె తలుపుకు చెవి ఆనించి, 'రేపు రామ్మా' అంటుంది. నాలుగు రోజుల అలవాటూ, తలుపు మీద రాతా ఆ మాటలోనే కలిశాయి.

తెల్లారి తలుపు తీసే పేరా రాయకండి. గడప ముందు సంచి ఉన్నా, లేకపోయినా లెక్క తేలిపోతుంది.