షేర్డ్ లైబ్రరీల డీబగ్గింగ్‌కు జీడీబీ సర్వర్: కొన్నేళ్లు వాడాక

వేరే బోర్డు మీద నడిచే ప్రోగ్రామును మన కంప్యూటర్‌లోని జీడీబీ డీబగ్గర్‌తో పరిశీలించేందుకు ఆ బోర్డు మీద నడిపే సాధనం జీడీబీ సర్వర్. షేర్డ్ లైబ్రరీల (ప్రోగ్రాములు నడిచేటప్పుడు పంచుకునే కోడ్ ఫైళ్లు) విషయంలో దాని మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు దాని తప్పు వల్ల వచ్చేవి కావు. కొన్నేళ్లుగా 32 బిట్ల ఆర్మ్ బోర్డుల మీద, బిల్డ్‌రూట్, యోక్టో అనే బిల్డ్ సాధనాలతో తయారైన ఇమేజ్‌లతో (బోర్డులోకి ఎక్కించే పూర్తి సాఫ్ట్‌వేర్) దీన్ని వాడుతున్న నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. బోర్డులోని లైబ్రరీ, మన కంప్యూటర్‌లోని లైబ్రరీ ఒకే బిల్డ్‌లో పుట్టినవైతే ఇంతకన్నా నమ్మకమైన సాధనం నేను చూడలేదు. రెండింటికీ పొత్తు కుదరకపోతే మాత్రం రోజంతా తప్పుదారిలో తిప్పుతుంది.

పని పంపకం చక్కగా ఉంటుంది. బోర్డు మీద నడిచేది చిన్న ప్రోగ్రాము. ప్రాసెస్‌ను ఆపడం, రిజిస్టర్లను, మెమరీని చదవడం, రాయడం దాని పని. సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లు, చిరునామాలు) చదివి, చిరునామాను సోర్సులోని వరుసతో జతచేసే బరువంతా మన కంప్యూటర్‌లోని జీడీబీ మోస్తుంది. అందుకే బోర్డులోకి వెళ్లే లైబ్రరీలను నిశ్చింతగా స్ట్రిప్ చేయవచ్చు, అంటే డీబగ్ సమాచారాన్ని తీసేయవచ్చు. ఫ్లాష్ మెమరీ చాలీచాలని పరికరాలకు ఇది పెద్ద మేలు. రెండింటి మధ్య నడిచే ప్రోటోకాల్ కూడా తేలికైనదే: ప్రతి ప్యాకెట్ డాలరు గుర్తుతో మొదలై, హ్యాష్ గుర్తు తర్వాత రెండు హెక్స్ అంకెల చెక్‌సమ్‌తో ముగుస్తుంది. నెట్‌వర్క్ డ్రైవరు ఇంకా సిద్ధం కాని కొత్త బోర్డుల మీద ఒక్క సీరియల్ పోర్టుతోనే పని గడుపుకున్నాను.

కనెక్ట్ కాగానే నేను మొదట ఇచ్చే కమాండ్ ‘ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ’. ప్రాసెస్‌లోకి ఎక్కిన ప్రతి లైబ్రరీ పేరు, దాని చిరునామాలు, సింబల్స్ చదివిందీ లేనిదీ వరుసగా వస్తాయి. ‘యెస్’ (Yes) పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఫైలు దొరికింది గానీ అందులో డీబగ్ సమాచారం లేదని అర్థం. ‘నో’ అని ఉంటే ఫైలే దొరకలేదు. ఈ పట్టిక సరిగా లేనప్పుడు బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే వరుస) తీసి లాభం లేదు. ఫంక్షన్ పేర్లు ఉండాల్సిన చోట జంట ప్రశ్నార్థకాలు వస్తాయి, ఆ లైబ్రరీని దాటి వెనక్కి వెళ్లడమూ గగనమవుతుంది.

2015లో వచ్చిన 7.10 వెర్షన్ నుంచి, మనం సిస్‌రూట్ (బోర్డు లైబ్రరీల ప్రతులు ఎక్కడున్నాయో చూపే డైరెక్టరీ) చెప్పకపోతే జీడీబీ లైబ్రరీలను నేరుగా బోర్డు నుంచే తెచ్చుకుంటుంది. కొత్తవారికి ఇది సౌకర్యంగా తోస్తుంది కానీ నాకు నచ్చని మార్పు ఇదే. ఫైళ్లన్నీ కనెక్షన్ మీదుగా రావాలి కాబట్టి బాగా నెమ్మది. ఆ సంగతి హెచ్చరికగా జీడీబీయే చెబుతుంది. ఇంత ఓపిక పట్టినా వచ్చేవి స్ట్రిప్ చేసిన ఫైళ్లే, వాటిలో సోర్సు వరుసల ఊసే ఉండదు. బిల్డ్‌రూట్‌లో డీబగ్ సమాచారంతో కట్టమని కాన్ఫిగరేషన్‌లో చెప్పి, స్టేజింగ్ డైరెక్టరీని సిస్‌రూట్‌గా చూపితే సరిపోతుంది. టార్గెట్ డైరెక్టరీలో ఉండేవి స్ట్రిప్ చేసినవి, స్టేజింగ్‌లో ఉండేవి చేయనివి. యోక్టోలో డీబగ్ ఫైళ్లతో విడిగా ఒక ఆర్కైవ్ తయారు చేయించుకోవచ్చు. దాన్ని మామూలు రూట్ ఫైల్‌సిస్టమ్ విప్పిన డైరెక్టరీలోనే విప్పి, ఆ డైరెక్టరీని చూపాలి.

ప్రోగ్రాము నడుస్తుండగా డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్‌తో ఎక్కే ప్లగిన్ లైబ్రరీల దగ్గర ఈ సాధనం నిజంగా మెప్పిస్తుంది. ఇంకా మెమరీలోకే రాని ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాల్సిన చోటు) పెట్టమంటే, దాన్ని పెండింగ్‌లో ఉంచుకుని లైబ్రరీ ఎక్కగానే అమరుస్తుంది. ఇందుకోసం, లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించే డైనమిక్ లోడరులో జీడీబీ తన సొంత బ్రేక్‌పాయింట్ ఒకటి పెట్టుకుంటుంది. సిస్‌రూట్‌లో లోడరు ఫైలు లేకపోతే ఆ చోటు దొరకలేదన్న హెచ్చరిక రావచ్చు. దాన్ని పట్టించుకోకపోతే తర్వాత ఎక్కే ప్లగిన్ల సంగతి జీడీబీకి తెలియకుండా పోతుంది. కన్‌స్ట్రక్టర్‌లోనే (లైబ్రరీ ఎక్కగానే దానంతట అదే నడిచే కోడ్) కూలిపోయే ప్లగిన్లకు మరో ఉపాయం ఉంది: లైబ్రరీ ఎక్కిన ప్రతిసారీ ఆగమని ‘స్టాప్ ఆన్ సోలిబ్ ఈవెంట్స్’ సెట్టింగుతో చెప్పవచ్చు.

ఇక పొత్తు కుదరకపోవడం. ఫీల్డ్ నుంచి తిరిగి వచ్చిన ఒక పరికరంలో ఇమేజ్ వెర్షన్ సంఖ్య మా దగ్గర ఉన్నదే. బ్యాక్‌ట్రేస్‌లో పేర్లూ వచ్చాయి. కానీ ఒక ఫంక్షన్‌ను, దానితో ఏ సంబంధమూ లేని మరో ఫంక్షన్ పిలిచినట్టు చూపింది. ఆగిన వరుసకు వెళ్లి చూస్తే అక్కడున్నది కోడ్ కాదు, కామెంట్. ఫైలు లోపలి వివరాలు చూపే ‘రీడెల్ఫ్’తో రెండు వైపులా బిల్డ్ ఐడీలు (ఏ బిల్డ్‌దో తెలిపేలా ఫైలులో ఉండే గుర్తు) తీసి పక్కపక్కన పెడితే గుట్టు బయటపడింది: ఆ ఒక్క లైబ్రరీ వేరే బిల్డ్‌ది. సాధారణంగా 20 బైట్లుండే ఈ గుర్తును వెర్షన్ సంఖ్యకన్నా ఎక్కువగా నమ్ముతాను. ఎల్ఫ్‌యుటిల్స్ అనే సాధనాల సంపుటిలో భాగంగా 2019లో వచ్చిన డీబగ్‌ఇన్ఫోడీ సర్వర్ ఈ గుర్తుతోనే డీబగ్ ఫైళ్లను వెతికి పంపుతుంది. విడుదల చేసిన ప్రతి ఇమేజ్ సింబల్స్‌నూ అలాంటి సర్వర్ మీద ఉంచడం మొదలుపెట్టాక మా జట్టుకు ఈ తలనొప్పి తగ్గింది.

లోటుపాట్లూ ఉన్నాయి. బ్రేక్‌పాయింట్ తగిలితే మామూలుగా ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ ఆగుతాయి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌కు (సంకేతం ఆగితే బోర్డును రీసెట్ చేసే టైమర్) వేళకు సంకేతం పంపేది ఆ ప్రాసెసే అయితే, మనం వేరియబుల్స్ చూస్తుండగానే బోర్డు రీసెట్ అయిపోతుంది. ఆ పనిని వేరే ప్రాసెస్‌కు అప్పగించిన ఇమేజ్‌ను డీబగ్గింగ్ కోసం ఉంచుకోవడమే మార్గం.

భద్రత మరో బలహీనత. జీడీబీ సర్వర్ పాస్‌వర్డ్ అడగదు, ఎన్‌క్రిప్షన్ లేదు. పోర్టు అందినవారికి ఆ ప్రాసెస్ పూర్తిగా చిక్కినట్టే. నేను పోర్టు తెరవడం మానేసి, ఎన్‌క్రిప్షన్ ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ పైపు మీదుగా స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లతోనే నడుపుతున్నాను. వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.