బొర్రా గుహలకు వంద మార్కులు, కటికి జీపుకు సున్నా

బొర్రాలో దిగగానే జీపుల వాళ్లు చుట్టుముట్టేస్తారు, కటికి జలపాతం చూపిస్తామని. మాకు దొరికినతను రానూపోనూ జీపు మొత్తానికి 1,200 అన్నాడు. మేం నలుగురం ఎక్కి కూర్చున్నాక వెనక ఇంకో ఐదుగురిని ఎక్కించాడు. "జీపంతా మాదేనన్నావు కదయ్యా" అని బావ అడిగితే, "బరువుంటేనే బండి కుదురుగా పోతుంది సార్" అని నవ్వేశాడు. వాళ్ల దగ్గర కూడా తలా 200 తీసుకున్నాడని దిగాక తెలిసింది. దారి మొత్తం రాళ్లూ గుంతలే. అత్తయ్య ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని గోవిందనామాలు అందుకుంది. జీపు ఆగాక మళ్లీ కొంత నడవాలి. తీరా నీళ్ల దగ్గర పావుగంట కూర్చున్నామో లేదో, కింద నుంచి హారన్ మోత. చివర్లో వెయిటింగ్ చార్జీ అంటూ ఇంకో 300 గుంజాడు. బావ ఆ సాయంత్రం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. జలపాతం బాగుంది, కాదనను. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం తీసుకెళ్లొద్దు. వెళ్లేవాళ్లు ఎంతమందిని ఎక్కిస్తాడో, అక్కడ ఎంతసేపు ఆగుతాడో ముందే తేల్చుకోండి.

గుహల విషయానికొస్తే, డబ్బులు వసూలైపోయాయి. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, అంతే. బొర్రా గుహలు స్టేషన్లోనే దిగొచ్చు.

గుహ నోరు చూడగానే అందరం నోళ్లు మూసేశాం. లోపలికి దాదాపు 80 మీటర్ల లోతు. మెట్లు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల తడి, కాబట్టి హవాయి చెప్పులు వద్దు. మా గైడు అక్కడి గిరిజన కుర్రాడు. శివపార్వతులు, మొసలి, రుషి గడ్డం అంటూ వరసగా చూపించాడు. పైన పడ్డ కన్నంలోంచి ఆవు జారిపడితే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందన్న కథా చెప్పాడు. నాకు నచ్చింది మాత్రం అతను టార్చి వేసి చూపించిన ఒక్క బొట్టు. పైనుంచి వేలాడే సున్నపురాయి కొసన నిలబడింది. ఎంతకీ పడదు. వాన నీళ్లు రాయిని కరిగించుకుంటూ దిగి, ఇలా బొట్టు బొట్టుకీ పిసరంత సున్నం వదిలిపోతేనే ఇవన్నీ తయారయ్యాయి. కింద పుట్టలా లేచిన రాయి దానికి ఇంకా జానెడు దూరంలో ఉంది. ఆ రెండూ కలిసేసరికి మన మునిమనవళ్లు కూడా ఉండరు. అలాంటి రాళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు వేసి పెళ్లి పందిరి చేసేశారు! మామూలు తెల్ల దీపం పెడితే రాయి అసలు రంగు కనిపించేది కదా.

బయటికొచ్చాక చుట్టూ ఉన్న అనంతగిరి కొండల్ని తీరిగ్గా చూడండి. ఇక్కడి కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు, గిరిజనుల రక్షణ కోసం ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదని తేల్చింది. గుహ చూసి వెళ్లిపోయే బస్సు బ్యాచ్‌లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రాత్రికి అరకులో లాడ్జి. రూముకి 2,500, గీజర్ పనిచేయలేదు, బక్కెట్ వేడినీళ్లకు 40. ఇంతకంటే రాయడం దండగ.

బావ మూడ్ మార్చింది మాత్రం బొంగులో చికెన్. రోడ్డు పక్కన ఒకావిడ కోడిముక్కలకు మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులోకి కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద పెట్టింది. చుక్క నూనె లేదు. బొంగు పైన నల్లబడ్డాక దులిపితే ముక్కలు ఆవిర్లు కక్కుతూ విస్తట్లోకి జారాయి. అరకిలో 350. బావ ఇంకో అరకిలో చెప్పాడు, బేరం కూడా ఆడలేదు. ముందే కాల్చి పక్కన పెట్టింది ఇస్తామంటే తీసుకోకండి. అరగంట ఆగినా సరే, మీ కళ్ల ముందే బొంగులోకి కూరించుకోండి.