బూమ్ మీద సంచి, బూమ్ కింద బిమిని: రెండు సీజన్లు వాడాక చెప్తున్నా

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. దించిన తెరచాప పడే ఈ స్టాక్ ప్యాక్ సంచి వరకే అయితే నాలుగు ఇచ్చేవాణ్ణి, కుట్టినవాళ్ళు కొలతలు తీసుకున్న తీరుకి అర మార్కు కోసేశా.

మాది 32 అడుగుల సెయిల్‌బోట్. కాక్‌పిట్ (స్టీరింగ్ పట్టుకుని కూర్చునే చోటు) ముందు అలలు ఆపే గుడ్డ ముసుగు, డాడ్జర్, దాని వెనక ఎండకి పైపుల మీద నిలిచే గుడ్డ పందిరి, బిమిని. రెండూ లేపితే కాక్‌పిట్ చిన్న గదిలా అయిపోతుంది, నీడకి నీడ, అలలు మొహాన కొట్టవు, అంతా హాయే, మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) దించే టైం వచ్చేదాకా. దించిన తెరచాపని బూమ్ (తెరచాప కింది అంచున ఉండే అడ్డ దూలం) మీద మడతలు పెట్టి కట్టాలి కదా, ముందు సగం క్యాబిన్ పైన నిలబడితే అందుతుంది, వెనక సగం సరిగ్గా బిమిని నెత్తిన ఉంటుంది, కింద నుంచి చెయ్యి అందదు, బిమిని మీదకి ఎక్కడానికి లేదు. దాని పైపులు గుడ్డని మోయడానికే గానీ మనిషిని మోయడానికి కాదండీ, ఎక్కితే వంగిపోతాయి. అందుకని మేం చాలాకాలం చేసిందేంటంటే సెయిల్ దించే ముందు బిమిని మడిచి వెనక్కి కట్టేయడం, అంటే ఎండ మాడ్చే టైంలో ఉన్న నీడ కాస్తా మనమే తీసేసుకుని, సీటు మీద ఒక కాలు, గట్టు మీద ఒక కాలు పెట్టి, బోటు ఊగుతుంటే తాళ్ళతో కట్టడం. తల ప్రాణం తోకకొచ్చేది.

అందుకే స్టాక్ ప్యాక్ కుట్టించాం, కొందరు లేజీ బ్యాగ్ అంటారు. బూమ్ పొడవునా రెండు వైపులా గోడల్లా నిలబడే గుడ్డ సంచి, పై అంచుల్లో సన్న రాడ్లు, వాటిని మాస్ట్ (తెరచాప నిలువు స్తంభం) నుంచి వచ్చే లేజీ జాక్ తాళ్ళు పైకి పట్టుకుంటాయి, హాల్యార్డ్ (సెయిల్‌ని పైకి లాగే తాడు) వదిలితే సెయిల్ ఆ తాళ్ళ మధ్య నుంచి దానంతటదే సంచిలో పడాలి, పైన జిప్ వేస్తే అయిపోయింది. మా సెయిల్‌కి బ్యాటెన్లు (గుడ్డలో అడ్డంగా దూర్చే సన్న బద్దలు) ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉన్నాయి కాబట్టి మడతలు చాలావరకు వాటంతటవే పడతాయి. చిన్న బ్యాటెన్లు మాత్రమే ఉన్న సెయిల్ అయితే ఇంత శుభ్రంగా పడదు, వెనక అంచు పక్కకి జారి బిమిని మీద వేలాడుతుంది, అది ముందే తెలుసుకుని కొనండి.

మొదటిసారి దించినప్పుడు నిజంగా ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ బోటుని గాలికి ఎదురుగా పట్టుకుంది, నేను డాడ్జర్ కింద నుంచే హాల్యార్డ్ వదిలా, సెయిల్ ముప్పావు వంతు సంచిలోకి దిగిపోయింది, డెక్ మీదకి వెళ్ళే పనే లేదు. గాలికి సరిగ్గా ఎదురుగా లేకపోతే మాత్రం సగం సంచిలో, సగం బయట. ఎత్తేటప్పుడు ఇంకో తలనొప్పి, బ్యాటెన్ చివర్లు లేజీ జాక్స్‌లో ఇరుక్కుంటాయి. అప్పుడు విన్చ్‌తో (తాడు చుట్టి లాగే గిలక) బలంగా లాగారో సెయిలే చిరుగుతుంది, కాబట్టి ఆగి, ఒక అడుగు దించి, సెయిల్ మధ్యలోకి వచ్చేదాకా చూసి మళ్ళీ లాగండి. లేజీ జాక్స్ వదులు చేసి మాస్ట్ దగ్గరికి లాక్కునే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. సెయిల్ ఎత్తాక వాటిని వదులుగానే ఉంచండి, బిగుతుగా ఉంటే సెయిల్‌కి రాసుకుని కుట్లు తినేస్తాయి.

ఇక అసలు గొడవ. కుట్టేవాళ్ళు కొలతలకి వచ్చిన రోజు బిమిని మడిచి వెనక కట్టి ఉంది, బూమ్ ఏమో టాపింగ్ లిఫ్ట్‌తో (బూమ్ వెనక చివరని పైనుంచి పట్టుకునే తాడు) బాగా పైకెత్తి ఉంది. బూమ్ పొడవు, మాస్ట్ దగ్గర మడతల ఎత్తు అన్నీ పద్ధతిగానే రాసుకున్నారు, కింద బిమిని ఒకటి ఉంటుందన్న సంగతి మాత్రం వాళ్ళూ అడగలేదు, నాకూ తట్టలేదు. సంచి బూమ్ కింద నుంచి చుట్టుకుని పట్టీలతో బిగించే రకం, సెయిల్ లోపల పడగానే ఆ బరువుకి పొట్ట బూమ్ కన్నా బెత్తెడు కిందకి జారుతుంది, అదే చోట బిమిని మధ్య పైపు ఉంది. బోటు ఊగినప్పుడల్లా ఆ రెండూ కర్రు కర్రుమని రాసుకుని ఒక సీజన్‌లోనే బిమిని గుడ్డ మీద తెల్లగా అరిగిన చార పడింది. బూమ్ పక్క గాడిలోకి జొప్పించే రకం అడిగి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడు రాసుకునే చోట రెండు వైపులా తోలు ముక్క కుట్టించా, ఆపైన టాపింగ్ లిఫ్ట్ కాస్త బిగించి ఉంచుతున్నా.

టాపింగ్ లిఫ్ట్ అంటే గుర్తొచ్చింది, ఇది సంచి తప్పు కాదు, నాదే. ఒకసారి అది బిగించకుండా హాల్యార్డ్ వదిలేశా. అప్పటిదాకా బూమ్‌ని మోసేది సెయిలే కదా, సెయిల్ వదిలితే బూమ్ ధబ్‌మని బిమిని మీద కూర్చుంది, పైపు వంగింది. కింద ఎవరైనా నిలబడి ఉంటే తలకాయే. బూమ్‌ని కింద నుంచి ఎత్తి పట్టే గట్టి వ్యాంగ్ ఉన్న బోట్లకి ఈ భయం లేదు, మాకు ఆ వ్యాంగ్ లేదు కాబట్టి ఇప్పుడు ముందు టాపింగ్ లిఫ్ట్, తర్వాత బూమ్‌ని కిందకి పట్టే తాడు, మెయిన్‌షీట్, బిగించి బూమ్ కదలకుండా చెయ్యడం, ఆఖరికి హాల్యార్డ్, ఈ వరస తప్పితే మా ఆవిడ స్టీరింగ్ దగ్గర్నుంచే అరుస్తుంది.

జిప్ విషయానికొస్తే, మాస్ట్ దగ్గర మొదలై బూమ్ వెనక చివర ఆగుతుంది. మళ్ళీ అదే కథ, ఆ చివరి రెండు గజాలు బిమిని నెత్తినే. జిప్ బిళ్ళకి సన్న తాడు కట్టి, బూమ్ చివర చిన్న పుల్లీ గుండా తిప్పి మాస్ట్ దగ్గరికి తెచ్చుకున్నా, ముందుకి లాగడానికి ఇంకో తాడు. ఇప్పుడు మాస్ట్ దగ్గరే నిలబడి మూస్తా, తెరుస్తా, ఇది వాళ్ళే పెట్టి ఇవ్వాల్సిన పని. జిప్ పళ్ళు ప్లాస్టిక్‌వి కావడం మాత్రం మంచిదైంది, లోహం అయితే ఉప్పుకి పట్టేస్తుంది. అప్పుడప్పుడు కొవ్వొత్తి మైనం రుద్దుతా. సెయిల్ పైకొనకున్న హాల్యార్డ్ విప్పి పక్కకి కట్టాకే జిప్ వెయ్యండి, లేకపోతే ముందు భాగం మూసుకోదు, రాత్రంతా తాడు మాస్ట్‌కి కొట్టుకుని టక టక టక, పక్క బోటు వాళ్ళు కూడా తిడతారు.

గుడ్డ సన్‌బ్రెల్లా, నూలు తీసేటప్పుడే రంగు కలిపే అక్రిలిక్, రెండు సీజన్ల ఎండకి రంగు దిగలేదు. ఇలాంటి వాటిలో గుడ్డ కన్నా ముందు పోయేది దారం. మామూలు పాలిస్టర్ దారం ఎండకి పిండైపోతుంది, టెనారా లాంటి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) దారం ఎండకి లొంగదు, రేటు ఎక్కువే అయినా అది అడగండి. నేను అడగలేదు, డాడ్జర్ వైపు మూలలో ఇప్పటికే నాలుగు కుట్లు ఊడాయి. సంచి అడుగున నీళ్ళు పోవడానికి జాలీ గుడ్డ పెట్టారు, ఆ ఆలోచనకి మెచ్చుకోవాలి, కాకపోతే జిప్ వెయ్యకుండా వదిలేసిన రాత్రి వాన పడితే ఆ నీళ్ళన్నీ జాలీ గుండా బిమిని మీదకి, బిమిని కుట్ల గుండా మన నెత్తి మీదకి. తడిసిన సెయిల్‌ని అలాగే మూసి పెట్టకండి, బూజు పడుతుంది, ఎండ రాగానే తెరిచి ఆరబెట్టండి.

బిమినికి పైన చిన్న ప్లాస్టిక్ కిటికీ కూడా అదే ఆర్డర్‌లో పెట్టించా, స్టీరింగ్ దగ్గర కూర్చుని సెయిల్ చూసుకోవడానికి, అది మాత్రం బంగారం, లేకపోతే ప్రతిసారీ బిమిని కింద నుంచి తల బయటపెట్టి మెడ నొప్పి. దాన్ని అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రేతో తుడవకండి, మసకబారిపోతుంది, మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగేసి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.