1/35 టి-55ఏ ట్యాంక్ కిట్: మూడు నెలలు కూర్చుని కట్టాక నా రివ్యూ

మా పెదనాన్న 1971 పాకిస్తాన్ యుద్ధంలో, జమ్మూ వైపు సరిహద్దులోని ఛంబ్ సెక్టార్‌లో టి-55 అనే సోవియట్ ట్యాంకు నడిపారు. ఆయనకి డెబ్బై ఆరు దాటాయి, ఈ డిసెంబర్‌కి ఆ ట్యాంకు బొమ్మ చేసి ఇద్దామని 1/35 స్కేల్ (అసలు దానిలో 35వ వంతు) ప్లాస్టిక్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించా, షిప్పింగ్‌తో కలిపి 3,400 అయింది. కంపెనీ పేరు, అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, ఎందుకంటే నాకొచ్చిన బాక్స్ ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది, లోపల టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) మీద పట్టుకునే సన్న కమ్మీ ఒకటి రెండు ముక్కలై ఉంది, అందరికీ అలాగే వస్తుందని నేను అనను. ఆ కమ్మీని రాగి తీగ వంచి చేసుకున్నా, ప్లాస్టిక్ దానికంటే సన్నగా అదే బాగా కుదిరింది.

ముందు మంచి చెప్తా. షేప్ విషయంలో ఈ కిట్‌ని నమ్మొచ్చు. అసలు బండి హల్ (కింది ఒళ్ళు) పొడవు 6.45 మీటర్లు, 35తో భాగిస్తే 184 మి.మీ. రావాలి, స్కేలు పెట్టి కొలిచా, తేడా నా కంటికి కనపడలేదు. టి-55ని గుర్తుపట్టేది మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఉండే ఆ పెద్ద ఎడంతో, అది సరిగ్గా ఉంది. టరెట్ గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా, కింద అంచు లోపలికి తిరిగి, చేతిలోకి తీసుకోగానే ఇది అదే అనిపిస్తుంది. పార్ట్‌లు ఒకదానిలో ఒకటి ఎంత చక్కగా కూర్చుంటాయంటే సందులు నింపే పుట్టీ డబ్బా మూత తీసింది ఒక్కసారే.

ఇక అసలు గొడవ. ఇది టి-55"ఏ". నాకు కావాల్సింది 1958లో మొదలైన మామూలు టి-55. ఏ మోడల్‌లో రేడియేషన్ ఆపడానికి లోపల లైనింగ్ వేశారు, దానివల్ల హ్యాచ్‌ల (మనుషులు దిగే మూతల) చుట్టూ మందంగా పైకి లేచి ఉంటుంది, పైగా ముందున్న బో మెషిన్ గన్ తీసేశారు. మెషిన్ గన్ సంగతి తేలిక, దాని గుర్తు బయటికి ముందు ప్లేటు మధ్యలో ఒక చిన్న కన్నమే, సన్న బిట్‌తో డ్రిల్ చేశా, పది నిమిషాల పని. హ్యాచ్‌లు మాత్రం అరగదీసి మళ్ళీ కట్టాలంటే చుట్టూ ఉన్న డీటెయిల్ అంతా పోతుంది. రెండు రాత్రులు ఆలోచించా. ఒక హ్యాచ్ చుట్టూ కొంచెం తగ్గించి చూసి, అక్కడ టరెట్ పైభాగం చదునైపోతోందని ఆపేశా. ఒక తప్పు సరిచేయబోయి టరెట్ ఆకారమే పాడుచేసుకుంటే అది ఇంకా పెద్ద తప్పు కదా, టరెట్ అందరికీ కనపడుతుంది, హ్యాచ్ అంచు మందం తెలిసినవాడికే కనపడుతుంది.

ఫెండర్లదీ (చక్రాల పైన ఉండే రేకు మడ్‌గార్డులదీ) ఇదే కథ. కిట్‌లో ఫెండర్ అంచు దాదాపు 1 మి.మీ. ఉంది, అంటే అసలు బండి మీద 35 మి.మీ. మందం రేకు, అది రేకు కాదు కవచం. అయినా ప్లాస్టిక్‌లో ఇంతకంటే పల్చగా పోస్తే అచ్చులోంచి తీసేటప్పుడే విరుగుతుంది. అందుకని మొత్తం మార్చలేదు, బయటికి కనపడే అంచు ఒక్కటే కింద నుంచి ఏటవాలుగా బ్లేడుతో గీకి పల్చన చేశా, ముందు మూల కొంచెం వంచా. పై నుంచి చూస్తే ఇప్పుడది రేకే.

ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు) మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. రబ్బరు లాంటి మెత్తటి పట్టీ ఒకటి ఇచ్చారు, అది బిగుతుగా నిలబడుతుంది. టి-55కి పైన ట్రాక్‌ని మోసే చిన్న రోలర్లు ఉండవు, అందుకని ఆ ఇనుప బరువంతా కిందికి సాగి పెద్ద చక్రాల మీదే వాలుతుంది, చూడగానే బరువు తెలిసేది అక్కడే. నేను ప్రతి చక్రం మీదా చుక్క సూపర్ గ్లూ వేసి, ఫెండర్‌కీ ట్రాక్‌కీ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి రాత్రంతా ఉంచా. విడి లింకుల సెట్ వేరే కొనొచ్చు గానీ కిట్ ధరకి దగ్గర్లో ఉంటుంది, నేను కొనలేదు.

పెయింట్ గురించి మన వైజాగ్ వాళ్ళకి ఒక మాట. వర్షాకాలంలో లాక్కర్ స్ప్రే చేయకండి, గాలిలో తేమకి పైన తెల్లగా పొగలా కమ్ముతుంది, నేను గది ఏసీ గంట ముందు వేసి అప్పుడు కొట్టా. ఆకుపచ్చని సీసాలోంచి తీసింది తీసినట్టు వేస్తే ఇంత చిన్న బొమ్మ మీద నల్లగా కనపడుతుంది, కొంచెం లేత పసుపు కలపాలి. తుప్పు ఎక్కువ వేయాలని చెయ్యి లాగుతుంది, బీచ్ రోడ్‌లో గ్రిల్స్ చూసి పెరిగినవాళ్ళం, ఇనుము అంటే తుప్పే గుర్తొస్తుంది. కానీ యుద్ధంలో రోజూ నడిచే బండి మీద ఉండేది దుమ్ము, గ్రీజు. అలాగే చేశా.

పోయిన ఆదివారం గాజువాక తీసుకెళ్ళి పెదనాన్న చేతిలో పెట్టా. కళ్ళద్దాలు పైకి పెట్టి చాలాసేపు తిప్పితిప్పి చూశారు. హ్యాచ్‌ల దగ్గర ఆగలేదు. ట్రాక్ మీద వేలితో ఒకసారి నొక్కారు. తర్వాత "బ్యారల్ మద్దిన డబ్బా ఏదిరా?" అన్నారు. నాకర్థం కాలేదు, ఎవాక్యువేటర్ (బ్యారల్‌లో పొగని బయటికి పంపే లావు డబ్బా) చివర ఉంది కదా పెదనాన్నా అన్నా. "అది కాదురా, ఆళ్ళ దగ్గరా ఇదే బండి, చైనా వోడు చేసింది. దూరం నుంచి సూస్తే మనదేదో ఆళ్ళదేదో తెలీదు. అందుకే మద్దిన ఉత్త డబ్బా ఒకటి బిగించుకున్నాం. అది లేకపోతే మనోళ్ళే కొట్టెత్తారు."

నిజమే, పాకిస్తాన్ వాళ్ళ టైప్ 59 అంటే టి-54ఏకి చైనా కాపీ. ఇంటికొచ్చి అప్పటి మన టి-55ల ఫొటోలు వెతికితే బ్యారల్ మధ్యలో ఆ డొల్ల డబ్బా ఉంది. నేను అన్నాళ్ళూ పక్కన పెట్టుకుని చూసింది సోవియట్ బళ్ళ ఫొటోలు. కిట్‌లో ఆ పార్ట్ లేదు, ఉండదు కూడా, కాబట్టి మన బండి చేసేవాళ్ళు కిట్‌తో ఇది కూడా లెక్కలో పెట్టుకోండి. వాడి పడేసిన బాల్ పెన్ను గొట్టం కోశా, చివర ఎవాక్యువేటర్ లావుగా ఉంటుంది కాబట్టి గొట్టం అటు నుంచి దూరదు, నిలువునా చీల్చి తొడిగి, చీలికలో పుట్టీ నింపి, రెండు అంచులూ శాండ్ పేపర్‌తో నునుపు చేశా. జిగురు పెట్టి ఫొటో తీసి పెదనాన్నకి వాట్సాప్‌లో పంపా. ఐదు నిమిషాలకి వాయిస్ మెసేజ్ వచ్చింది, "ఇంకాస్త ఎనక్కి జరుపు నాన్నా" అని. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, జరిపా.