అమెరికా ఐఫోన్ 14 బెజవాడలో ఎలా పనిచేస్తోందంటే

మా బెజవాడలో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు, వాళ్లు టికెట్ బుక్ చేసుకున్నారని తెలియగానే ఇక్కడ ఫోన్ లిస్టు తయారవుతుంది. నా ఐఫోన్ 14 కూడా అలా అక్క తెచ్చిందే. 2022లో విడుదలైనప్పుడు ఇక్కడ 79,900, అక్కడేమో ఏ క్యారియర్‌తోనూ (అంటే అక్కడి సిమ్ కంపెనీతో) లంకె లేకుండా కొంటే 829 డాలర్లు, క్యారియర్‌తో కలిపి తీసుకుంటే 799. ఆ 30 డాలర్లకి కక్కుర్తి పడొద్దని అక్కకి గట్టిగా చెప్పాను, టాక్స్ పోను నాకు ఇంకా మిగిలింది.

ఫోన్ సంగతికొస్తే కెమెరా, స్పీడ్ విషయంలో వంక పెట్టడానికేం లేదు, ఐఓఎస్ 16.2 వచ్చినప్పటి నుంచి 5జీ కూడా బాగానే అందుతోంది. తలనొప్పంతా సిమ్‌తోనే. అమెరికాలో అమ్మిన 14కి సిమ్ ట్రేనే లేదు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్. స్క్రీన్ గార్డ్ వేయించడానికి బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్తే, సిమ్ కూడా వేసిస్తానని షాపు కుర్రాడు పిన్ను పట్టుకుని ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి, ఎడమ పక్కంతా వేలితో తడిమి, "అన్నా, దీనికి బొక్కే లేదేంటి" అన్నాడు. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి ఆ పని అయిపోతుంది, కానీ సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, అంటే ఓటీపీలు కూడా రావు, అందుకని బ్యాంకు పని ఉన్న రోజున మాత్రం దీని జోలికి పోకండి. ఇంకోటి, ఛార్జింగ్ అయిపోతే సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే అలవాటు మనందరికీ ఉంటుంది కదా, దీంతో అది కుదరదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. లాక్ ఉన్న ఫోన్‌తో, అంటే అమ్మిన క్యారియర్ సిమ్ తప్ప ఇంకోటి పనిచేయని ఫోన్‌తో మాత్రం సర్దుకోలేం. మా బావగారికి వాళ్ల తమ్ముడు వాయిదాల్లో తీసుకున్న ఐఫోన్ 13 ఇచ్చి వెళ్లాడు. ట్రే ఉంది, సిమ్ పట్టింది, తెర మీద మాత్రం "సిమ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. గవర్నర్‌పేటలో ఒకతను సిమ్ కింద కాగితం మందాన ఒక చిప్ పెట్టి నడిపించాడు, దాన్ని ఆర్-సిమ్ అంటారు, తర్వాత అప్‌డేట్ కొట్టగానే సిగ్నల్ ఎగిరిపోయింది. ఆ తాళం తీయాల్సింది వేసిన క్యారియరే, వాయిదాలన్నీ కట్టేదాకా చాలా క్యారియర్లు తీయవు. ఇక్కడ ఎవరికి ఎంత డబ్బిచ్చినా దండగే. ఆ ఫోన్ ఇప్పుడు ఇంట్లో వైఫై మీద యూట్యూబ్ చూడ్డానికే పనికొస్తోంది.

తెచ్చేవాళ్లతో అక్కడుండగానే ఒక్క పని చేయించండి: సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, కిందకి వెళ్తే "క్యారియర్ లాక్" అని ఉంటుంది. అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని కనపడాలి. స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో వచ్చాకే డబ్బు పంపండి, చుట్టాలైనా సరే మొహమాటపడకండి.

నాకైతే నచ్చింది, బ్యాటరీ మార్పించి ఇంకా వాడతాను. అమ్మకి మాత్రం ట్రే ఉన్నదే కావాలని ఏలూరు రోడ్డులో కొన్నాం.